ఓటు చట్టాల మీద కంపెనీలు ఎప్పుడు మాట్లాడతాయి, ఎప్పుడు నోరు మెదపవు: జార్జియా చెప్పే సంగతులు

అమెరికాలో ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వ రుజువు పత్రం చూపాల్సిందే అనే సేవ్ యాక్ట్‌ను 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రతినిధుల సభ ఆమోదించింది. అట్లాంటా చుట్టుపక్కల జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టా, కమ్మింగ్‌లలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో పౌరసత్వం తీసుకుని ఓటు వేస్తున్నవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది మనకు సంబంధం లేని విషయమేం కాదు. 2021లో ఇలాంటి ఓటు చట్టం ఒకటి జార్జియాలో వచ్చినప్పుడు డెల్టా, కోకాకోలా లాంటి దిగ్గజాలు బహిరంగంగా "ఇది తప్పు" అన్నాయి. ఆ తర్వాత అమెజాన్, గూగుల్ సహా వందల కంపెనీలు, ప్రముఖులు పేపర్లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చారు. సేవ్ యాక్ట్ విషయంలో మాత్రం ఆ స్థాయి ప్రకటన రాలేదు. అప్పుడు ఎందుకు మాట్లాడాయి, ఇప్పుడు ఎందుకు ఆగాయి, అసలు అప్పటి మాటల వల్ల ఏమైనా మారిందా? ఇది అర్థం కావాలంటే జార్జియా వ్యవహారాన్ని మొదటి నుంచీ చూడాలి.

ఓటు నిబంధనలు ఎవరి చేతిలో ఉంటాయి

మన దగ్గర లోక్‌సభకైనా అసెంబ్లీకైనా ఎన్నికల చట్టం పార్లమెంటు చేస్తుంది, నడిపేది ఎన్నికల సంఘం. గుంటూరులో ఒక రూలు, వరంగల్‌లో ఇంకో రూలు ఉండదు. అమెరికాలో అలా కాదు. అధ్యక్ష ఎన్నికలకైనా సరే ఎన్ని రోజులు ముందస్తు పోలింగ్ ఉండాలి, పోస్టులో ఓటు ఎవరు వేయొచ్చు, ఏ గుర్తింపు కార్డు చూపాలి అన్నవి చాలావరకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర శాసనసభ నిర్ణయిస్తుంది. అంటే, ఎన్నికల్లో పోటీచేసే పార్టీయే, తనకు మెజారిటీ ఉన్న రాష్ట్రంలో, ఆ ఎన్నికల నిబంధనలు కూడా రాసుకోగలదు. గొడవంతా ఇక్కడే పుడుతుంది.

దీనికి ఒకప్పుడు కళ్ళెం ఉండేది. నల్లజాతీయులను దశాబ్దాల పాటు ఓటుకు దూరం పెట్టిన దక్షిణాది రాష్ట్రాల మీద 1965 ఓటింగ్ హక్కుల చట్టం ఒక షరతు పెట్టింది: ఓటు నిబంధన దేన్ని మార్చాలన్నా ముందు కేంద్ర ప్రభుత్వం నుంచో, వాషింగ్టన్ కోర్టు నుంచో అనుమతి తెచ్చుకోవాలి. దాన్నే ప్రీక్లియరెన్స్ అంటారు. జార్జియా ఆ జాబితాలో ఉండేది. 2013 జూన్‌లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఆ జాబితా తయారుచేసే సూత్రం పాతబడిపోయిందంటూ కొట్టేసింది. దాంతో ముందస్తు అనుమతి అనేది ఆచరణలో పోయింది. ఆ కళ్ళెం అలాగే ఉండుంటే 2021 చట్టం అమల్లోకి రాకముందే పరీక్షకు నిలబడాల్సి వచ్చేది, కంపెనీల అభిప్రాయం గురించి ఇంత చర్చ జరిగేది కాదేమో.

జార్జియాలోనే ఎందుకు, 2021లోనే ఎందుకు

2020 నవంబరులో జార్జియాలో సుమారు 50 లక్షల ఓట్లు పోలైతే జో బైడెన్ 11,779 ఓట్ల తేడాతో గెలిచారు. ఎన్నికల్లో మోసం జరిగిందన్న ప్రచారం మొదలైంది, లెక్కింపు మళ్ళీ చేశారు, ఫలితం మారలేదు. 2021 జనవరి 2న డొనాల్డ్ ట్రంప్ రాష్ట్ర ఎన్నికల బాధ్యుడు బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కు ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నట్టుగా మాట్లాడిన రికార్డింగ్ బయటికొచ్చింది. మూడు రోజులకు జరిగిన రనాఫ్‌లో రెండు సెనేట్ సీట్లూ డెమోక్రాట్లు గెలుచుకున్నారు. రనాఫ్ అంటే మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పెట్టే ఎన్నిక. ఆ రెండు సీట్లతో దేశ సెనేట్ చేతులు మారింది.

రాష్ట్ర శాసనసభలో మాత్రం రిపబ్లికన్లదే మెజారిటీ. మూడు నెలలు తిరక్కుండానే, 2021 మార్చి 25న గవర్నర్ బ్రయన్ కెంప్ ఎస్‌బీ 202 అనే 98 పేజీల బిల్లు మీద సంతకం చేశారు. ఎన్నికల మీద నమ్మకం పెంచడానికే అని వాళ్ళన్నారు. ఓడిపోయాక రూల్స్ మారుస్తున్నారు అని అవతలివాళ్ళన్నారు.

ఆ 98 పేజీల్లో ఓటరుకు తగిలేవి ఏవి

చట్టం మొత్తం చెప్పుకోనక్కర్లేదు, అసలు వివాదం నాలుగైదు చోట్లే ఉంది.

ఒకటి, పోస్టు ఓటు. ఇంతకుముందు దరఖాస్తు మీద సంతకం పోల్చి చూసేవారు. ఇప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, రాష్ట్ర గుర్తింపు నంబరో ఇవ్వాలి, అవి లేకపోతే వేరే రుజువు ప్రతి జతచేయాలి. దరఖాస్తు గడువు ఎన్నికకు ముందు శుక్రవారం దాకా ఉండేది, ఇప్పుడది ఎన్నికకు 11 రోజుల ముందే ముగుస్తుంది. రాష్ట్రంలో ఎక్కువమంది ఓటర్లకు లైసెన్స్ ఉంది, నిజమే. కానీ రికార్డుల్లో ఆ నంబరు లేనివాళ్ళు రెండు లక్షలకు పైగా ఉన్నారు, వాళ్ళలో నల్లజాతి ఓటర్ల వాటా ఎక్కువ.

రెండు, డ్రాప్ బాక్సులు, అంటే నింపిన పోస్టు బ్యాలెట్‌ను తపాలా మీద ఆధారపడకుండా వేసే పెట్టెలు. 2020లో కరోనా కారణంగా అత్యవసర ఉత్తర్వుతో వచ్చాయి, అంతకుముందు జార్జియాలో లేవు. కొత్త చట్టం ప్రతి కౌంటీలో (మన జిల్లా లాంటిది) కనీసం ఒకటి తప్పనిసరి చేసింది, అదే సమయంలో లక్ష మంది క్రియాశీల ఓటర్లకు ఒకటి మించకూడదంది. అట్లాంటా మహానగరపు నాలుగు ప్రధాన కౌంటీల్లో 94 ఉన్న పెట్టెలు 23కు తగ్గాయి. పైగా అవి భవనం లోపల, ముందస్తు పోలింగ్ జరిగే వేళల్లో మాత్రమే ఉంటాయి. రాత్రి పది గంటలకు డ్యూటీ దిగేవాళ్ళకు దానివల్ల ఉపయోగం లేదు.

మూడు, అందరూ విన్నది: క్యూలో నిలబడినవాళ్ళకు బయటివాళ్ళు తిండి, నీళ్ళు ఇవ్వడం నేరం. పోలింగ్ భవనానికి 150 అడుగుల లోపల గానీ, క్యూలో ఉన్న ఏ ఓటరుకైనా 25 అడుగుల లోపల గానీ ఇవ్వకూడదు. 2020 జూన్‌లో జరిగిన ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో, అట్లాంటా ప్రాంతంలో గంటల తరబడి క్యూలు ఉన్నాయి, అందుకే ఇది అంత మంట పుట్టించింది. పోలింగ్ సిబ్బంది కావాలంటే నీళ్ళు అక్కడ పెట్టొచ్చు, ఓటరే వెళ్ళి తాగొచ్చు అని చట్టంలో ఉంది, ఆ సంగతి విమర్శకులు తరచూ చెప్పరు. 25 అడుగుల నిబంధన అమలును 2023 ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఆపేశారు.

నాలుగోది పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ నాకు ముఖ్యమనిపించేది అదే: రనాఫ్ గడువు. ఇంతకుముందు తొమ్మిది వారాలు ఉండేది, దాన్ని నాలుగు వారాలు చేశారు. ఎన్నిక త్వరగా తేలిపోతుంది, ఖర్చు తగ్గుతుంది, సరే. కానీ ఒక ఉదాహరణ తీసుకుందాం. కమ్మింగ్‌లో ఉండే ఒకావిడ, ఇరవై ఏళ్ళుగా వీసా, గ్రీన్ కార్డు అంటూ ఎదురుచూసి, నవంబరు 20న పౌరసత్వ ప్రమాణం చేశారనుకోండి. 2020లో అయితే రనాఫ్‌కు నమోదు గడువు డిసెంబరు 7, ఎన్నిక జనవరి 5. ప్రమాణం చేసిన రెండు వారాల్లో నమోదు చేసుకుని హాయిగా ఓటు వేసి ఉండేవారు. 2022లో రనాఫ్ డిసెంబరు 6న జరిగింది, దానికి నమోదు గడువు నవంబరు 7, అంటే అసలు ఎన్నికకు ఒక రోజు ముందే అయిపోయింది. అదే నవంబరు 20న ప్రమాణం చేసినా ఆమెకు ఓటు లేదు. ఎవరినీ పేరు పెట్టి ఆపలేదు, ఎక్కడా వివక్ష అనే మాట కనపడదు, తేదీలు జరిగాయి అంతే. ఓటు చట్టాల ప్రభావం ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

ఐదు, అధికారం. రాష్ట్ర ఎన్నికల బోర్డు ఛైర్మన్ పదవి నుంచి రాఫెన్స్‌పర్గర్‌ను తప్పించి, ఛైర్మన్‌ను శాసనసభ ఎంపిక చేసేలా మార్చారు. సరిగ్గా పనిచేయడం లేదనుకున్న కౌంటీ బోర్డును తాత్కాలికంగా పక్కనపెట్టే అధికారం రాష్ట్ర బోర్డుకు ఇచ్చారు.

సమర్థించేవాళ్ళ వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ముందస్తు పోలింగ్‌లో రెండు శనివారాలు తప్పనిసరి అయ్యాయి, చిన్న కౌంటీల్లో ఇది నిజంగా పెరుగుదలే. డ్రాప్ బాక్సు మొదటిసారి చట్టంలోకి వచ్చింది. కారణం చెప్పకుండా పోస్టు ఓటు అడిగే హక్కు అలాగే ఉంది, అప్పట్లో న్యూయార్క్‌లో అది కూడా లేదు. బైడెన్ దీన్ని 21వ శతాబ్దపు జిమ్ క్రో అన్నారు, అంటే ఒకప్పటి జాత్యహంకార చట్టాలతో పోల్చారు. పోలింగ్ వేళలను కుదించారని ఆయన అన్న మాట తప్పని వాషింగ్టన్ పోస్ట్ ఫ్యాక్ట్ చెకర్ తేల్చింది. కాబట్టి చట్టం మీద అభ్యంతరాలు ఉండొచ్చు, ఉన్నవి ఉన్నట్టు చెబితేనే వాటికి బలం.

2021 మార్చి 31: ఒకే రోజు జరిగినవి

బిల్లు చర్చలో ఉన్నప్పుడు ఓటు హక్కు సంఘాలు, చర్చి పెద్దలు జార్జియాలోని పెద్ద కంపెనీల మీద పడ్డారు: డెల్టా, కోకాకోలా, హోమ్ డిపో, యూపీఎస్, అఫ్లాక్, సదరన్ కంపెనీ. మీకు ఈ రాష్ట్రంలో ఇంత పలుకుబడి ఉంది, నోరు విప్పండి అని. కంపెనీలు "ఎన్నికలు అందరికీ అందుబాటులో, భద్రంగా ఉండాలి" అనే రకం మాటలు చెప్పి ఊరుకున్నాయి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. సంతకం అయిన మర్నాడు డెల్టా ఇచ్చిన ప్రకటనయితే, బిల్లు మొదట ఉన్నదానికంటే చాలా మెరుగుపడింది అన్న ధోరణిలో ఉంది. డెల్టాను బహిష్కరించండి అని సోషల్ మీడియా హోరెత్తింది.

మార్చి 31న న్యూయార్క్ టైమ్స్‌లో 72 మంది నల్లజాతి కార్పొరేట్ పెద్దల బహిరంగ లేఖ వచ్చింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మాజీ అధిపతి కెన్ షెనాల్ట్, మందుల కంపెనీ మెర్క్ అప్పటి సీఈఓ కెన్ ఫ్రేజియర్ దాన్ని ముందుండి నడిపారు. మిగతా కార్పొరేట్ ప్రపంచాన్ని సూటిగా నిలదీసిన లేఖ అది. అదే రోజు డెల్టా సీఈఓ ఎడ్ బాస్టియన్ ఉద్యోగులకు మెమో పంపారు: తుది బిల్లు ఆమోదయోగ్యం కాదు, డెల్టా విలువలకు సరిపోదు, దీనికి చెప్పిన కారణమే ఒక అబద్ధం మీద నిలబడింది. ఐదు రోజుల్లో పూర్తిగా అటు నుంచి ఇటు. కోకాకోలా సీఈఓ జేమ్స్ క్విన్సీ టీవీలో అదే మాట అన్నారు, ఇది వెనకడుగు అన్నారు.

గవర్నర్ కెంప్ ఊరుకోలేదు. పోయినసారి డెల్టా విమానం ఎక్కినప్పుడు నన్ను ఫొటో గుర్తింపు కార్డు చూపమన్నారు కదా అన్నారు. శాసనసభ సమావేశాలకు అది చివరి రోజు. రాత్రి పొద్దుపోయాక దిగువ సభ, విమాన ఇంధనం మీద డెల్టాకు ఏటా కోట్ల డాలర్లు మిగిల్చే పన్ను రాయితీని ఎత్తేయడానికి ఓటు వేసింది. చెయ్యి కరిచే కుక్కకు తిండి పెట్టం అనే అర్థంలో స్పీకర్ డేవిడ్ రాల్స్టన్ మాట్లాడారు. రాష్ట్ర సెనేట్ దాన్ని చేపట్టకుండానే వాయిదా పడింది కాబట్టి రాయితీ మిగిలింది. కానీ చెప్పాల్సింది చెప్పేశారు.

రెండు రోజులకు, ఏప్రిల్ 2న, మేజర్ లీగ్ బేస్‌బాల్ తన ఆల్ స్టార్ మ్యాచ్‌ను అట్లాంటా పక్కన కాబ్ కౌంటీలోని ట్రూయిస్ట్ పార్క్ నుంచి తరలిస్తున్నట్టు ప్రకటించింది, తర్వాత డెన్వర్‌కు ఇచ్చింది. దీనివల్ల 100 మిలియన్ డాలర్లు నష్టమని కౌంటీ టూరిజం వాళ్ళు లెక్క చెప్పారు. ఇలాంటి లెక్కలు ఎప్పుడూ పెంచి చెప్పేవేనని క్రీడా ఆర్థికవేత్తలు అంటారు. నష్టం ఎంతైనా, అది పడేది హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్ళ మీద, స్టేడియం దగ్గర తిండి అమ్మేవాళ్ళ మీద. చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించిన డెమోక్రాట్ నాయకురాలు స్టేసీ ఏబ్రమ్స్ కూడా అందుకే ఈ తరలింపు పట్ల నిరాశపడ్డారు.

చప్పుడు లేకుండా చేసింది, చప్పుడు చేసి చెప్పింది

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. మార్చి 25న సంతకం, 31న ప్రకటనలు. చట్టం అయిపోయాక అభ్యంతరం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు అని బిల్లును వ్యతిరేకించినవాళ్ళు చాలామంది కోపంగా అన్నారు, ఆ కోపంలో న్యాయం ఉంది.

అయితే కంపెనీలు అంతకుముందు ఏమీ చేయలేదా అంటే అదీ కాదు. మొదట్లో వచ్చిన బిల్లులు ఇంకా కఠినంగా ఉండేవి. ఎస్‌బీ 241 అయితే కారణం లేకుండా పోస్టు ఓటు అడిగే హక్కునే చాలామందికి తీసేసేది. హెచ్‌బీ 531 ఆదివారం ముందస్తు పోలింగ్‌ను కుదించేది. నల్లజాతి చర్చిల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సుల్లో కలిసి ఓటుకు వెళ్ళే ఆనవాయితీ ఉంది, దెబ్బ నేరుగా దాని మీద. ఈ రెండింట్లోని నిబంధనల మీద జార్జియా ఛాంబర్ ఆఫ్ కామర్స్ అభ్యంతరం చెప్పింది. కొన్ని దారుణమైన అంశాలు తీయించగలిగాం అని బాస్టియన్ తన మెమోలోనే రాశారు. తుది చట్టంలో ఆ రెండు దెబ్బలూ లేవు. చర్చిలు, ఓటు హక్కు సంఘాలు రోడ్డెక్కడం వల్ల కూడా అవి పోయాయి, ఆ ఘనత కంపెనీలకే కట్టబెట్టలేం. కానీ ఓటరుకు నిజంగా మేలు జరిగింది గుమ్మం లోపల, సంతకానికి ముందు జరిగిన బేరాల్లోనే. టీవీలో, మెమోల్లో చెప్పిన గట్టి మాటల వల్ల చట్టంలో ఒక్క కామా కూడా మారలేదు.

అట్లాంటాకు ఇది కొత్త కాదు. 1964లో మార్టిన్ లూథర్ కింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు, ఆయన సొంత ఊళ్ళో నల్లవాళ్ళు తెల్లవాళ్ళు కలిసి కూర్చునే విందు పెట్టడానికి వ్యాపార వర్గాలు జంకాయి, టికెట్లు అమ్ముడుపోలేదు. అప్పటి కోకాకోలా అధిపతి పాల్ ఆస్టిన్ ఊరి పెద్దలను పిలిచి, కోకాకోలాకు అట్లాంటా అక్కర్లేదు, అట్లాంటాకు కోకాకోలా కావాలో వద్దో మీరే తేల్చుకోండి అన్నారని కింగ్ సహచరుడు ఆండ్రూ యంగ్ చెబుతారు. 1965 జనవరిలో ఆ విందు జనంతో నిండిపోయింది. ఆ మాటా నాలుగు గోడల మధ్య చెప్పిందే.

మరి బహిరంగంగా మాట్లాడితే ఎప్పుడూ పనికిరాదా? వస్తుంది. 2016లో ఇదే జార్జియాలో మత స్వేచ్ఛ పేరుతో, స్వలింగ సంపర్కుల పట్ల వివక్షకు దారితీస్తుందని విమర్శలొచ్చిన హెచ్‌బీ 757 వచ్చింది. సంతకం పెడితే షూటింగులు ఇక్కడ చేయం అని డిస్నీ చెప్పింది. గవర్నర్ నేథన్ డీల్ వీటో చేశారు. అదే ఏడాది నార్త్ కరొలైనాలో ట్రాన్స్‌జెండర్ల బాత్‌రూమ్ వాడకం మీద చట్టం రాగానే పేపాల్ 400 ఉద్యోగాల కేంద్రాన్ని రద్దు చేసుకుంది, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ తన ఆల్ స్టార్ మ్యాచ్‌ను షార్లట్ నుంచి తీసుకెళ్ళిపోయింది, మరుసటి ఏడాదే చట్టంలో ప్రధాన భాగం రద్దయింది.

ఆ రెండుచోట్లా లొంగిన నాయకులు 2021లో ఎందుకు లొంగలేదు? నా లెక్కలో కారణం ఇది: బాత్‌రూమ్ చట్టం పోతే పార్టీకి కొంచెం పరువు పోతుంది, కొందరు మద్దతుదారులు అలుగుతారు. ఓటు చట్టం అలాంటిది కాదు. దాని మీదే రేపటి సీటు ఆధారపడి ఉందని ఇరుపక్షాలూ నమ్ముతాయి. కుర్చీ లెక్కలోకి వచ్చాక ఒక బేస్‌బాల్ మ్యాచ్ పోయినా, పెద్ద కంపెనీ అలిగినా నాయకులు వెనక్కి తగ్గరు.

కంపెనీ పరిస్థితి: ఎటు చూసినా ఎవరికో కోపం

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆ వారం డెల్టా పరిస్థితి. ఉద్యోగుల్లో నల్లజాతివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వాళ్ళు సీఈఓనే అడుగుతున్నారు. ప్రయాణికుల్లో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారు. ఇంధన రాయితీ శాసనసభ చేతిలో ఉంది, 2018లో తుపాకుల సంఘం సభ్యులకిచ్చే డిస్కౌంటు ఆపేసినందుకు అదే రాయితీ మీద ఒకసారి దెబ్బ తిన్నది కూడా. మాట్లాడకపోతే ఉద్యోగులు, చర్చిలు, మాట్లాడితే శాసనసభ. బాస్టియన్ రెండూ చేసి ఇద్దరి చేతా తిట్లు తిన్నారు.

హోమ్ డిపో ఇంకో దారి పట్టింది. చట్టం పేరెత్తకుండా సాధారణ ప్రకటనతో సరిపెట్టింది. దాన్నీ బహిష్కరించాలని ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి బిషప్ రెజినాల్డ్ జాక్సన్ పిలుపునిచ్చారు. కోకాకోలాను రెండు వైపులా వాయించారు: ఆలస్యంగా మాట్లాడిందని వీళ్ళు, మాట్లాడిందని వాళ్ళు. ట్రంప్ కోక్, డెల్టా, జేపీ మోర్గాన్, మెర్క్ సహా ఒక జాబితా చదివి బహిష్కరించమన్నారు.

కంపెనీలు అసలు మాట్లాడాలా: మూడు వాదనలు

మాట్లాడాలి అనేవాళ్ళు చెప్పేది ఏమిటంటే, ఓటు హక్కు పన్ను రేటు లాంటి మామూలు రాజకీయ అంశం కాదు. ఆటలో ఒక జట్టును సమర్థించడం వేరు, అందరినీ మైదానంలోకి రానివ్వమనడం వేరు. కంపెనీలు ఎలాగూ రాజకీయాల్లో ఉన్నాయి, రాయితీల కోసం రోజూ శాసనసభ మెట్లెక్కుతాయి. తమకు లాభం ఉన్నప్పుడు మాట్లాడి, తమ ఉద్యోగుల హక్కు పోయేటప్పుడు మాత్రం మాకు రాజకీయాలు వద్దు అనడం కుదరదు.

వద్దనేవాళ్ళ వాదన: సీఈఓను ఎవరూ ఎన్నుకోలేదు. కోట్లమంది ఓటేసి పంపిన శాసనసభ్యుల మీద, ఒక బోర్డు గది నుంచి డబ్బు బలంతో ఒత్తిడి తేవడమే ప్రజాస్వామ్యానికి దెబ్బ. నేడు మీకు నచ్చిన వైపు ఒత్తిడి తెచ్చారని సంతోషిస్తే, రేపు నచ్చని వైపు తెస్తారు. అమెరికా సెనేట్‌లో అప్పటి రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ 2021 ఏప్రిల్ మొదటి వారంలో కంపెనీలను రాజకీయాలకు దూరంగా ఉండమని హెచ్చరించారు, విరాళాల సంగతి నేననడం లేదు అని కూడా చేర్చారు. మర్నాడు, సరిగ్గా చెప్పలేకపోయాను అని కొంత సర్దుకున్నారు. డబ్బు ఇవ్వొచ్చు, మాట అనకూడదు అనే ఆ గీత మాత్రం జనానికి గుర్తుండిపోయింది. చట్టపరంగా చూస్తే కంపెనీలకు రెండూ ఉన్నాయి: 1978 బెలోటి తీర్పు, 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పు కంపెనీల రాజకీయ వ్యక్తీకరణకు రాజ్యాంగ రక్షణ ఇచ్చాయి.

మూడోవాళ్ళు మాటలను నమ్మరు, డబ్బు చూపించండి అంటారు. నాకు ఈ వాదన బరువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే దీన్ని రికార్డులతో పోల్చి చూడొచ్చు. ఏప్రిల్ 14న వచ్చిన పూర్తి పేజీ ప్రకటనలో అమెజాన్, గూగుల్, స్టార్‌బక్స్, వారెన్ బఫెట్ పేర్లున్నాయి, కోకాకోలా, డెల్టా పేర్లు లేవు. అందులో ఏ రాష్ట్రం పేరూ లేదు, ఏ బిల్లు నంబరూ లేదు. వివక్షతో కూడిన చట్టాలను వ్యతిరేకిస్తాం అని ఉంది, కానీ ఏది వివక్షో చెప్పలేదు. ఎస్‌బీ 202 సమర్థకుడు కూడా చదివి, బాగుంది అని సంతకం పెట్టగలిగే వాక్యం అది. ఆ ఏడాది జూలైలో అమెజాన్, యాపిల్, మైక్రోసాఫ్ట్ సహా 150కి పైగా కంపెనీలు ప్రీక్లియరెన్స్‌ను తిరిగి తెచ్చే జాన్ లూయిస్ ఓటింగ్ హక్కుల బిల్లుకు మద్దతుగా సంతకం చేశాయి, ఇది కచ్చితంగా ఒక మెట్టు పైనే. కానీ అదే ఏడాది అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్, పెద్ద కంపెనీల చందాలతో నడిచే సంస్థ, ఓటు హక్కులనూ ఎన్నికల విరాళాల వెల్లడినీ కలిపి తెచ్చిన ఇంకో పెద్ద ఫెడరల్ బిల్లు హెచ్‌ఆర్ 1ను వ్యతిరేకించింది.

విరాళాల సంగతీ అంతే. 2021 జనవరి 6న, కాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మీద దాడి జరిగిన తర్వాత కూడా, బైడెన్ గెలుపు ధ్రువీకరణకు అడ్డుచెప్పిన 147 మంది రిపబ్లికన్ సభ్యులకు విరాళాలు ఆపుతున్నామని చాలా కంపెనీలు ప్రకటించాయి. వాటిలో చాలావరకు తర్వాత మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆపినప్పుడు పత్రికా ప్రకటన వచ్చింది, మొదలుపెట్టినప్పుడు రాలేదు, ఎన్నికల కమిషన్ దాఖలాల్లో వెతుక్కుంటేనే తెలిసింది.

ఆ తర్వాత ఏమైంది

టెక్సస్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, డెల్ బిల్లు చర్చలో ఉండగానే వ్యతిరేకించాయి, అయినా 2021 సెప్టెంబరులో ఎస్‌బీ 1 చట్టమైంది. జాన్ లూయిస్ బిల్లు 2022 జనవరిలో సెనేట్‌లో ఆగిపోయింది. జార్జియాలో 2022 ఎన్నికల్లో ముందస్తు ఓటింగ్, అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదికి రికార్డు స్థాయిలో జరిగింది, కెంప్ మళ్ళీ గెలిచారు, కుదించిన రనాఫ్‌లో డెమోక్రాట్ రాఫేల్ వార్నాక్ గెలిచారు. చూశారా, ఎవరినీ ఆపలేదు అని సమర్థకులు అన్నారు. కష్టపడి అడ్డంకులు దాటితే అడ్డంకులు లేవని కాదు, పైగా తెల్ల, నల్ల ఓటర్ల పోలింగ్ శాతాల మధ్య దూరం పెరిగింది అని అవతలివాళ్ళు జవాబిచ్చారు. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయన్నది ఒక కొలత, ఎవరికి ఎంత కష్టమైందన్నది ఇంకో కొలత. ఈ చట్టం మీద కేంద్ర న్యాయశాఖ 2021 జూన్‌లో వేసిన దావాను, ప్రభుత్వం మారాక 2025 మార్చిలో వెనక్కి తీసుకుంది. ఆల్ స్టార్ మ్యాచ్ 2025 జూలైలో ట్రూయిస్ట్ పార్క్‌కే తిరిగొచ్చింది. చట్టం అలాగే ఉంది.

కంపెనీలు ఈలోగా వేరే చోట్ల దెబ్బలు చూశాయి. 2022లో ఫ్లోరిడా పాఠశాలల చట్టాన్ని విమర్శించినందుకు డిస్నీ తన పార్కుల చుట్టూ ఉన్న ప్రత్యేక పాలనా ప్రాంతం మీద పట్టు కోల్పోయింది, 2024 దాకా కోర్టుల చుట్టూ తిరిగింది. 2023లో ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో ప్రచారం చేయించినందుకు బడ్ లైట్ బీరు అమ్మకాలు బహిష్కరణతో పడిపోయాయి. సేవ్ యాక్ట్ వచ్చేసరికి ఏ లీగల్ విభాగమైనా ముందు ఈ రెండు ఫైళ్ళే తీసి ఉంటుంది.

చట్టం మీద మాట్లాడని కంపెనీలు కూడా ఒక పని మాత్రం కొనసాగిస్తున్నాయి. అమెరికాలో పోలింగ్ మంగళవారం జరుగుతుంది, దేశవ్యాప్త సెలవు లేదు. మన దగ్గర పోలింగ్ రోజున ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షనే చెబుతుంది. జార్జియాలో చట్టం ఇచ్చేది మహా అయితే రెండు గంటలు. అందుకే 2018లో లెవీ స్ట్రాస్, పటగోనియా, పేపాల్ కలిసి టైమ్ టు వోట్ అనే ఏర్పాటు మొదలుపెట్టాయి, ఉద్యోగులకు ఓటు వేయడానికి వీలు కల్పిస్తామని ఒప్పుకునే కంపెనీలు అందులో చేరతాయి, ఆ సంఖ్య ఇప్పుడు వేలల్లోకి వెళ్ళింది. దీనికి ఏ శాసనసభా కోపగించుకోదు. గంటకింత చొప్పున జీతం తీసుకునే గోడౌన్ కార్మికురాలికి, ఆ రోజు మూడు గంటలు క్యూలో నిలబడినా కూలి తెగదని ముందే తెలిస్తే, అది ఆమెకు నేరుగా అందే సాయం. కానీ ఆ క్యూ ఎంత పొడవుండాలో, పెట్టె ఎక్కడుండాలో, గడువు ఏ తేదీనో మళ్ళీ శాసనసభే తేలుస్తుంది.